పెట్రోలు వాసన: కాలము, స్థానము, కారణము

కారు తలుపు తీయగానే ముక్కునకు సోకు పెట్రోలు వాసనను గూర్చి మన మోటారు లోకమున రెండు విరుద్ధ ధోరణులు చిరకాలముగా చెల్లుబాటగుచున్నవి. పెట్రోలుతో నడచు బండిలో పెట్రోలు వాసన రాక మరేమి వచ్చునని నిశ్చింతగా పలుకువారు ఒక తెగ. వాసన సోకిన తక్షణమే బండి అంటుకొనునేమో యని బెదరి, ఎదుట కనబడిన షెడ్డులో దానిని నిలిపి, మెకానిక్కు చెప్పిన భాగమునెల్ల మార్పించి, నెల తిరుగకమునుపే అదే వాసనను మరల ఆఘ్రాణించువారు రెండవ తెగ. మొదటివారిది ఉపేక్ష, రెండవవారిది తొందర. ఫలితము మాత్రము ఇరువురికిని ఒక్కటియే, వాసన పోదు. వాసన యొక్క మూలములను, వానిని కనుగొను పద్ధతులను, మాన్పు విధానములను వరుసగా పరిశీలించుటకు పూనుకొనునపుడు నా అభిప్రాయమును ముందుగనే చెప్పివేయుట మేలు. నేటి కారులో పెట్రోలు వాసన ఎంత స్వల్పమైనను సహజము కాదు, అది దోషమునకు సాక్ష్యము. ఆ దోషము దొరకకుండుటకు తరచుగా కారణమేమనగా, వాసన ఎప్పుడు వచ్చుచున్నది, ఎచ్చట వచ్చుచున్నది అను రెండు ప్రశ్నలను అడుగకయే పనిముట్లను చేతబట్టుట.

పెట్రోలు అనునది ఏకపదార్థము కాదు. వందలకొలది హైడ్రోకార్బనుల మిశ్రమము. సున్నకు దిగువ 40 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున సైతము మంట నందుకొనదగినంత ఆవిరిని విడుచు చంచల స్వభావము దానిది. ఆ ఆవిరి గాలికన్న మూడు నాలుగింతలు బరువైనది గనుక పైకెగసి పోక నేలబారున ప్రాకి, గుంటలలోను, షెడ్డులలో బండి క్రింద దిగి పనిచేయుటకై త్రవ్విన పిట్టులలోను చేరి నిలుచును. గాలిలో దాని పాలు నూటికి సుమారు 1.4 వంతుల నుండి 7.6 వంతుల వరకు ఉన్నపుడే అది అంటుకొనును. మానవ నాసికయో అంతకు వేల రెట్లు తక్కువగా నున్నపుడే దానిని పసిగట్టగలదు. వాసన వచ్చినంతమాత్రమున అగ్నిప్రమాదము వాకిట నిలిచినట్లు కాదనుట దీనివలన తేలును. అయితే దీనికి ప్రతిగా మరియొక సత్యము కలదు. ముక్కు ఏ వాసనకైనను కొలదిసేపటిలోనే అలవాటుపడి మొద్దుబారును. బండి ఎక్కిన పది నిమిషములకు వాసన తగ్గినదని సంతసించు యజమాని విషయమున తగ్గినది ఆవిరి కాదు, ఆతని ఘ్రాణశక్తి. ఇక ఆరోగ్యము మాటకు వచ్చినచో, పెట్రోలులో కొలదిగా నుండు బెంజీను మానవులకు క్యాన్సరు కలిగించు పదార్థముగా నిర్ధారితమైనది. మన దేశపు ప్రమాణములు దానిని ఘనపరిమాణమున నూటికి ఒక వంతునకు పరిమితము చేసినవి. ప్రతిదినము గంటసేపు అద్దములు బిగించి ఆ గాలిని పీల్చువానికి, ముఖ్యముగా వెనుక సీటులోని పసిబిడ్డలకు, తలనొప్పియు వికారమును మాత్రమే నష్టములని భావింపరాదు.

ఉపేక్షా ధోరణికి చారిత్రక కారణము లేకపోలేదు. అంబాసిడరు, ప్రీమియర్ పద్మిని, తొలినాటి మారుతి 800 మన రోడ్లపై తిరిగిన కాలమున ట్యాంకునకు బయటి గాలితో నేరుగా సంబంధముండెడిది. కార్బురేటరులోని ఫ్లోటు గిన్నెకును గాలి రంధ్రముండెడిది. వేసవి మధ్యాహ్నమున ఇంజను ఆపిన వెనుక దాని వేడి కార్బురేటరునకు ప్రాకి, గిన్నెలోని పెట్రోలు కాగి, ఆవిరియై బానెట్టు సందులనుండి వెలువడుట అనుదిన వ్యవహారముగా నుండెడిది. ఆ యుగమున కొంత వాసన యంత్రనిర్మాణమునందే ఇమిడియున్నది. దానిని సహించుట నేర్చినవారిని తప్పుపట్టుటకు వీలులేదు. కాని కాలిఫోర్నియాలో 1970 నమూనా కార్లతోను, అమెరికా యావత్తున 1971 నమూనాలతోను ఆవిరిని వాతావరణమునకు విడువరాదను శాసనము అమలునకు వచ్చినది. నాటినుండి ట్యాంకు మూయబడినది. అందు పుట్టు ఆవిరి కర్రబొగ్గు వంటి క్రియాశీల కర్బనము నింపిన డబ్బాలోనికి పోయి, అచ్చట రేణువులకు అంటుకొని నిలిచి, ఇంజను నడచునపుడు పర్జు వాల్వు తెరువబడగా లోనికి పీల్చబడి దగ్ధమగును. మన దేశమున 2000 ప్రాంతమున ఉద్గార నియమములు బిగియగా కార్బురేటరు వైదొలగి ఇంజెక్టరు విధానము వచ్చినది; క్యానిస్టరు అనబడు ఈ బొగ్గు డబ్బా కూడ సామాన్య కార్లలో నెలకొన్నది. ట్యాంకు మూత మొదలు సిలిండరు వరకు గల మార్గమంతయు మూసిన మార్గమైన పిదప వాసన బయటికి వచ్చుచున్నదనిన, ఆ మార్గమెచ్చటనో తెగినదని అర్థము. యంత్రము మారినది, మన సహనము మాత్రము పాత యంత్రపు కాలమునందే నిలిచిపోయినది.

విచారణలో మొదటి మెట్టు, పెట్రోలు వాసన కానిదానిని తొలగించుట. బంకులో పెట్రోలు పోయించుకొనునపుడు చెప్పు అడుగున అంటిన నాలుగు చుక్కలు, డిక్కీలో ఎన్నడో పెట్టి మరచిన ప్లాస్టిక్కు డబ్బా, రంగులు కలుపు థిన్నరు సీసా ఎందరినో రోజులకొలది త్రిప్పలు పెట్టినవి. సి.ఎన్.జి. కిట్టు గల బండిలో వాసన కుళ్లిన గ్రుడ్డునో వెల్లుల్లినో తలపించినచో అది వాయువునకు బుద్ధిపూర్వకముగా కలిపిన గంధక సమ్మేళనము. దాని విచారణ వేరు, దానికి ఆ కిట్టు తెలిసిన కేంద్రమునకే పోవలెను. పొగగొట్టమునుండి వచ్చు సగము కాలిన పెట్రోలు వాసన మరియొక జాతి: ఒక ప్లగ్గు నిప్పురవ్వ వేయకపోయినను, ఇంజెక్టరు కారుచున్నను, మిశ్రమమున పెట్రోలు పాలు మించినను అది పుట్టును, దానితోబాటు ఇంజను తడబాటు, మైలేజి తగ్గుట కూడ కనిపించును. రద్దీలో ముందు పోవు పాత బండి పొగ సైతము ఏ.సి. గాలిద్వారమున లోనికి వచ్చును. ఏ.సి.ని లోగాలినే త్రిప్పు స్థితిలో నుంచినపుడు వాసన నిలిచిపోయి, బయటిగాలి స్థితికి మార్చగనే మరల వచ్చినచో, మూలము లోపల లేదనియు, బానెట్టు క్రింద గాని బండి వెలుపల గాని కలదనియు నిర్ణయింపవచ్చును. ఖర్చు లేని ఈ పరీక్షను చేయువారు మిక్కిలి అరుదు.

రెండవ మెట్టు కాలవిచారణ. ఈ సమస్యకంతకును ఇదియే కీలకమని నా దృఢ విశ్వాసము. పెట్రోలు పోయించిన దినమునను మరునాడును మాత్రమే వాసన వచ్చి, ట్యాంకు సగమునకు దిగగానే మాయమైనచో, దోషము ట్యాంకు పైభాగమున నుండును: మూత రబ్బరు, నోటి గొట్టమును ట్యాంకునకు కలుపు హోసు, ఆవిరి గొట్టములు, పెట్రోలు పంపు కూర్చుండు రంధ్రపు గ్యాస్కెట్టు. మన దేశములో దీనికి చక్కని నిదర్శనములు రెండు కలవు. 2010లో మారుతి సుజుకి సంస్థ సుమారు లక్ష ఏ-స్టార్ కార్లను వెనుకకు పిలిపించినది పెట్రోలు పంపు గ్యాస్కెట్టు నుండి ఇంధనము కారవచ్చునను శంకతో. 2014లో అదే సంస్థ స్విఫ్టు, డిజైరు, ఎర్టిగా నమూనాలకు చెందిన 1,03,311 కార్లను ట్యాంకు నోటి గొట్టము మార్చుటకై పిలిపించినది. బంకు నాజిలు తనంతట తాను ఆగు హద్దును, అనగా ఆటో కట్టును, మించి ట్యాంకును నింపినచో వాసన రావచ్చుననియు, అరుదుగా ఇంధనము కారవచ్చుననియు తన ప్రకటనలోనే తెలిపినది. క్రొత్త బండిలో వచ్చు వాసన కూడ ఉపేక్షణీయము కాదనుటకు ఇంతకన్న బలమైన సాక్ష్యమక్కరలేదు.

ఇచ్చట బంకుల వద్ద పాతుకొనిన ఒక అలవాటును ప్రస్తావింపక తప్పదు. తుపాకి వంటి ఆ నాజిలు తనంతట తాను 'టక్' మని ఆగిన వెనుక కూడ, చిల్లర బాధ లేకుండ రౌండు ఫిగరు చేయుటకై ఇంకొక రెండుసార్లు నొక్కించుకొనువారు మనలో అనేకులు. ట్యాంకు పైభాగమున ఖాళీని నిర్మాత విడిచినది ఆవిరి నిలుచుటకును, వేడికి పెట్రోలు వ్యాకోచించుటకును. 35 లీటర్ల పెట్రోలు ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరిగినచో దాని పరిమాణము సుమారు అర లీటరు పెరుగును. భూగర్భ ట్యాంకు నుండి వచ్చిన పెట్రోలు రామగుండము ఎండలో నిలిచిన బండిలో ఆ మాత్రము వేడెక్కుట వింత గాదు. ఖాళీ లేనప్పుడు ద్రవమే ఆవిరి గొట్టమునబడి క్యానిస్టరులోనికి పోవును. ఆవిరిని పట్టుటకు నిర్మించిన బొగ్గు ద్రవమున తడిసి ముద్దయై తన శక్తిని కోల్పోవును. పిమ్మట ఎన్ని దినములైనను వెనుక చక్రముల వద్దనో బానెట్టు క్రిందనో వాసన గుప్పుమనుచుండును. వేసవిలో ట్యాంకు నిండుగా పోయించినచో పేలిపోవునని ప్రతి సంవత్సరము వ్యాపించు వదంతి దీనికి భిన్నమైనది. ఇండియన్ ఆయిల్ సంస్థ దానిని ఖండించి, నిర్మాత చెప్పిన పరిమితి వరకు నింపుట నిరపాయమని స్పష్టపరచినది. పరిమితి వరకు నింపుటకును పరిమితిని దాటి కుక్కుటకును గల భేదమే ఇందు గ్రహింపవలసినది.

తక్కిన సమయములకును వేర్వేరు అర్థములు కలవు. ఉదయమున మొదటిసారి స్టార్టు చేసినపుడు గుప్పుమని వాసన వచ్చి ఇంజను వేడెక్కిన వెనుక తగ్గినచో, ఇంజెక్టరుల మొదట నుండు ఓ-రింగులు ఎండి బిగువు సడలినవని అనుమానింపవలెను. చల్లని రబ్బరు ముడుచుకొని సందు విడుచును, వేడికి ఉబ్బి ఆ సందును మూసికొనును. స్టార్టు చేసిన క్షణము నుండి నిలుపు వరకు ఎడతెగక వచ్చు వాసన పీడనము గల పైపులలోని కారుటను సూచించును. సాధారణ ఇంజెక్టరు బండ్లలో ఆ పీడనము సుమారు 3 బార్లు, సిలిండరులోనికే నేరుగా చిమ్ము నూతన ఇంజన్లలో 100 బార్లకు మించును గనుక అట్టి కారుట క్షణమైనను ఉపేక్షింపదగినది కాదు. ఎండలో నిలిపిన బండిలో మాత్రమే వచ్చునది ఆవిరి మార్గపు దోషము. మలుపులలో వచ్చునది నిండు ట్యాంకు పైభాగపు చిందుడు. ఇంజను ఆపిన పావుగంటకు వచ్చునది కార్బురేటరు బండ్లలో ఫ్లోటు నీడిల్ వాల్వు అరిగి గిన్నె పొంగుట వలన, ఇంజెక్టరు బండ్లలో నిలువయున్న పీడనము ఏ సందునుండియో జారుట వలన.

స్థానవిచారణ దీనికి తోడగును. వెనుక సీటు క్రింద వాసన బలముగా నున్నచో ఆ సీటు నెత్తి, చాల కార్లలో దాని అడుగుననే యుండు పంపు మూతను చూడవలెను. అచ్చట దుమ్ము తడిసి ముద్దగట్టియున్నచో వేరు సాక్ష్యమక్కరలేదు. బండి వెనుక నిలిచినపుడు వాసన వచ్చినచో నోటి గొట్టము, ట్యాంకు కుట్టు, క్యానిస్టరు చూడవలెను. బానెట్టు క్రింద నున్నచో ఇంజెక్టరులకు పెట్రోలు నందించు రైలు అను గొట్టము, హోసులు, పర్జు వాల్వు, పాత బండ్లలో యాంత్రికమైన పంపు డయాఫ్రము చూడవలెను. పీడనమును సరిచేయు రెగ్యులేటరు డయాఫ్రము చినిగినపుడు పెట్రోలు దాని సన్నని వాక్యూము గొట్టములోనికి వచ్చును. ఆ గొట్టమును ఊడదీసినపుడు తడి కనిపించినచో అనుమానమునకు తావు లేదు. ఆయిలు కడ్డీని తీసి వాసన చూచుట మరువరాదు: ఆయిలు మట్టము తనంతట తాను పెరిగి పెట్రోలు కంపు కొట్టుచున్నచో పెట్రోలు సిలిండరు దిగి ఆయిలులో కలియుచున్నది, అది ఇంజనును అరగదీయును. ఇక బహుకాలము నిలిపియుంచిన బండ్లలో, ముఖ్యముగా పల్లెలలోను అపార్టుమెంటు సెల్లారులలోను, ఎలుకలు హోసులను కొరుకుట మన వాతావరణమున సామాన్యమైన కారణము.

కనుగొను పద్ధతులు మూడు తెగలుగా నున్నవి. మొదటిది అనుభవజ్ఞుడైన మెకానిక్కు ముక్కు, చేయి, కన్ను. తెల్లకాగితముతో అతుకులను తుడిచి తడిని చూచుట, ట్యాంకు అతుకులపై సబ్బునీరు పూసి బుడగల నరయుట ఇందలివి. ఖర్చు స్వల్పము, ద్రవము కారు చోట సిద్ధి అధికము, కాని ఆవిరి మాత్రమే పోవు సూక్ష్మ రంధ్రముల వద్ద ఇది ఓడిపోవును. రెండవది భాగములను ఒక్కొక్కటిగా మార్చి చూచుట; మన షెడ్డులలో ఇది విరివిగా నడచుచున్నను దీనిని పద్ధతి యనుటకు నేను సంకోచింతును, ఏలయన ఊహ తప్పినప్పుడెల్ల దాని మూల్యమును యజమాని చెల్లించును. మూడవది పరికరముల పద్ధతి. పీడన మాపకమును తగిలించి ఇంజను ఆపిన వెనుక పీడనము ఎంతసేపు నిలుచునో చూచుట, ఆవిరి మార్గములోనికి స్వల్ప పీడనమున పొగను పంపి అది వెలువడు చోటును దీపముతో చూచుట, కాలుష్య పరీక్షకు వాడు హైడ్రోకార్బను కొలమాని గొట్టమును అతుకుల వెంబడి నడిపి అంకె ఎచ్చట ఎగబ్రాకునో గమనించుట ఇందలి ప్రధానాంశములు. వీనిలో పొగ పరీక్ష అత్యంత నిశ్చయాత్మకము.

స్కానరును గూర్చి ఒక హెచ్చరిక అవసరము. 1996 నుండి అమెరికా కార్లలో తప్పనిసరియైన రెండవ తరము ఆన్‌బోర్డు పరీక్షా విధానము ఆవిరి మార్గమున ఒక మిల్లీమీటరు రంధ్రమును, తరువాతి నమూనాలలో అర మిల్లీమీటరు రంధ్రమును సైతము పట్టి, పి0442, పి0455, పి0456 వంటి సంకేతములతో చెక్ ఇంజను దీపమును వెలిగించును. అట్లాంటా నుండియో డల్లాసు నుండియో మన బంధువులు వాసన వచ్చిన వెంటనే స్కానరు పెట్టించుమని చెప్పు సలహా అక్కడి కార్లకు సరియైనదే. మన కార్లు ఐరోపా సంప్రదాయము ననుసరించునవి. వానిలో సాధారణముగా పర్జు వాల్వు విద్యుద్దోషమును కనిపెట్టు ఏర్పాటే గాని రంధ్రమును వెదకు స్వయంపరీక్ష ఉండదు. కనుక దీపము వెలుగలేదు, స్కానరు ఏమియు చూపలేదు గనుక బండి నిర్దోషమని తీర్పు చెప్పుట మన దేశమున ప్రమాణము కానేరదు.

చికిత్సకు దిగుటకు మునుపు పాటింపవలసిన నియమములు స్వల్పములు, కాని అనుల్లంఘనీయములు. పని బయలున జరుగవలెను, పిట్టులో కాదు, ఇంజను చల్లబడవలెను, పంపు ఫ్యూజు తీసి, ఇంజను తనంతట తాను ఆగు వరకు నడిపి పీడనమును దింపి, బ్యాటరీ నెగెటివ్ తీగను విడదీయవలెను, వేడెక్కు తంతి బల్బు దరి చేరరాదు, మంటలార్పు పొడి సిలిండరు చేయి చాచినంత దూరమున నుండవలెను. ట్యాంకు మార్గమధ్యమున చిల్లిపడినపుడు బట్టల సబ్బును రుద్ది కారుటను ఆపుట మన లారీ డ్రైవర్లకు తరతరములుగా తెలిసిన ఉపాయము. సబ్బు పెట్రోలులో కరగదు గనుక అది షెడ్డు వరకు చేర్చును, ఎం-సీలు మరికొన్ని దినములు నిలుచును. కాని ఇవి శాశ్వత చికిత్సలు కావు. ట్యాంకునకు వెల్డింగు చేయించుట అత్యంత ప్రమాదకరము. నిండు ట్యాంకుకన్న ఖాళీ ట్యాంకు భయంకరమైనది, ఏలయన అందు మిగిలిన ఆవిరి గాలితో కలిసి పేలుటకు తగిన పాళ్లలో నుండును. తుప్పుపట్టిన ట్యాంకును మార్చుటయే వివేకము.

హోసుల విషయమున కక్కుర్తి పనికిరాదు. నీటి పైపునో తెల్లని ప్లాస్టిక్కు గొట్టమునో తగిలించిన మరమ్మతు కొలది నెలలలో గట్టిపడి పగులును. ఇంజెక్టరు పీడనమునకు తగినదని ముద్ర గల హోసును, దానికి చుట్టునంతను సమముగా బిగించు క్లిప్పును వాడవలెను. ఓ-రింగులను ఒకసారి ఊడదీసిన పిదప తిరిగి వాడరాదు. క్రొత్తవానికి కొలదిగా ఆయిలు పూసి చినుగకుండ కూర్చవలెను. పంపు మూతను తెరచినపుడెల్ల గ్యాస్కెట్టు క్రొత్తదే వేయవలెను. పాతదానితో మూసినందున, పంపు మార్పించిన మరునాడే వాసన మొదలైన బండ్లు కొల్లలు. తడిసిన క్యానిస్టరు కోలుకొనుట అరుదు. 2023 నుండి మన బంకులలో నూటికి 20 పాళ్ల ఇథనాలు కలిసిన పెట్రోలు వ్యాపించినది. దానికై నిర్మింపబడని పాత బండ్లలోని రబ్బరును ఇథనాలు ఉబ్బించి బలహీనపరచగలదు గనుక, అట్టి బండ్లలో హోసులను, గ్యాస్కెట్లను వయస్సునుబట్టి ముందుగనే మార్చుట దూరదృష్టి.

దోషము తొలగిన వెనుక కూడ కొంతకాలము వాసన మిగులవచ్చును. కార్పెట్టు అడుగున నుండు మందపాటి ఫెల్టు పెట్రోలును పీల్చి వారములకొలది విడుచుచుండును. దానిని పైకెత్తి ఎండలో ఆరబెట్టవలెను, అవసరమైనచో మార్చవలెను. డ్యాష్‌బోర్డుపై మల్లెవాసన సీసా నిలిపి సంతృప్తిపడుట మాత్రము తగదు. ప్రమాదమును తెలుపు ఏకైక సాక్షి నోరు నొక్కుటయే అది.

ఈ విచారణ యావత్తు నుండి తేలు సారాంశము ఇది. ద్రవము చుక్కలుగా కారుచున్నచో, ఇంజను నడచుచుండగా బానెట్టు నుండి వాసన ఉధృతమైనచో, బండిని నడిపి షెడ్డునకు చేర్చు సాహసము చేయక, స్టార్టు చేయకుండ తోయించియో లాగించియో పంపవలెను. అంతటి స్థితి లేనపుడు, షెడ్డునకు పోకమునుపు వారము దినములు వాసన వచ్చిన వేళను, ట్యాంకు మట్టమును, ఎండ నీడలను, ఏ.సి. స్థితిని, వాసన బలమైన చోటును ఒక కాగితముపై వ్రాసికొనవలెను. సమర్థుడైన మెకానిక్కునకు ఆ కాగితము సగము మరమ్మతుతో సమానము. మరమ్మతు జరిగిన పిదప షెడ్డు వాకిట వాసన లేదని తృప్తిపడరాదు. పూర్వము వాసన ఏ పరిస్థితులలో వచ్చినదో ఆ పరిస్థితులనే మరల కల్పింపవలెను: నిండు ట్యాంకున వచ్చినదైనచో ఆటో కట్టు వరకు పోయించి, అద్దములు బిగించి రాత్రియంతయు నిలిపి, ఉదయమున ఇంట మరియొకరిచేత తలుపు తీయించి చూడవలెను, ఎండలో వచ్చినదైనచో ఎండలోనే పరీక్షింపవలెను. ఆ పరీక్షలో నెగ్గిన మరమ్మతునకే డబ్బు చెల్లింపదగును. నెగ్గనిదానిని ఆ కాగితముతోనే మరల షెడ్డునకు పంపవలెను.